కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషికి ఇంట్లో పిల్లల కళ్లకలక అంటుకుంటే ప్రమాదమా?

మీ అన్నయ్యకు కిడ్నీ మార్చి నాలుగు నెలలైంది, ఇంట్లో పాపకు కళ్లకలక వచ్చింది, డాక్టరు అది అడినోవైరస్ అన్నారు, అన్నయ్య కిడ్నీకి ముప్పు ఉందా అని అడిగారు. ఉంది. పాపను కొన్నాళ్లు అమ్మమ్మ గారింటికి పంపండి, లేదా అన్నయ్యను వేరే గదిలో ఉంచండి. తువ్వాలు, గ్లాసు, దిండు గలీబు, వీలైతే బాత్‌రూము కూడా వేరుగా ఉండాలి. కళ్ల ఎరుపు తగ్గిన తర్వాత కూడా పిల్లల మలంలో ఈ వైరస్ వారాల తరబడి పోతూ ఉంటుంది. ఇంతవరకు ఏ డాక్టరైనా చెబుతారు. మిగిలింది నా ఒంటి మీద జరిగింది కాబట్టి నేను చెబుతాను.

మాది గూడూరు. రెండేళ్ల కిందట చెన్నైలో నాకు ఆపరేషన్ జరిగింది. కిడ్నీ ఇచ్చింది మా అక్క. మొదటి మూడు నెలలు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండమన్నారని వడపళనిలో ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. మూడు నెలలు ఉండేవాళ్లను పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే ఊరు ఇది. ఆ బాధ మరోసారి రాస్తాను.

నవంబరు నెల, వాన వదలడం లేదు. ఆ కాలంలో ఇక్కడ కళ్లకలక ఎంత మామూలంటే, దక్షిణాదిలో దానికి ఈ ఊరి పేరే పెట్టి మెడ్రాస్ ఐ అంటారు. నాకు ఏడో వారం నడుస్తోంది, క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పని చేయకపోతే రక్తంలో పెరిగేది) 1.2. ఒక ఆదివారం అక్క, బావ, తొమ్మిదేళ్ల మేనల్లుడు పొద్దుటి రైలు దిగి వచ్చారు. అంత మబ్బులో వాడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని మెట్లెక్కాడు. హీరోలా ఉన్నాడని నవ్వాం. అద్దాలు తీస్తే రెండు కళ్లూ చింతనిప్పులు. "ఏమీ లేదురా, తగ్గిపోయింది" అంది అక్క. నా భార్య నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు. పక్క కోయించుకుని కిడ్నీ తీసి ఇచ్చిన మనిషి కొడుకును గుమ్మం బయట నిలబెట్టమంటారా? వాడు నా పక్కన చేరి, నా ఫోను తీసుకుని సాయంత్రం దాకా ఆడుకున్నాడు. మధ్యమధ్య కళ్లు నులుముకుంటూనే ఉన్నాడు.

తొమ్మిదో రోజు రాత్రి మూత్రంలో మంట మొదలైంది. తెల్లవారేసరికి పావుగంటకోసారి లేస్తున్నాను. మా మామగారు ఫోనులోనే తేల్చేశారు: "వేడి చేసింది." మనవాళ్లకు మూత్రంలో మంట అంటే ఇంకో కారణమే తోచదు. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాలు వరసగా వచ్చాయి. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా నేను వేసుకునే ట్యాక్రోలిమస్ అనే మందు అసలే ఒంట్లో పొటాషియం పెంచుతుంది, కొబ్బరినీళ్లలో మళ్లీ అదే. అంతకు ముందు వారం ఒక పెద్దాయన పెరటి చెట్టువని సంచి నిండా పంపరపనసలు మోసుకొచ్చారు. ఆ పండు తింటే ఇదే మందు రక్తంలో మోతాదు మించిపోతుంది. పరామర్శకు ఉత్త చేతులతో వెళ్లకూడదని ఎవరు నేర్పారో గాని, కిడ్నీ మార్చుకున్నవాడి ఇంటికి మొదటి ఆరు నెలలు అసలు వెళ్లకూడదని మాత్రం ఎవరూ నేర్పలేదు.

అలా ఒక పగలంతా వేడి తగ్గించుకోవడంలోనే గడిచింది. ఆ రాత్రి మూత్రం దానిమ్మ రసంలా వచ్చింది, మధ్యలో గడ్డలు. జ్వరం 102.

ఆసుపత్రిలో చూస్తే క్రియాటినిన్ 2.1. ఒక కుర్ర డాక్టరు రిజెక్షన్, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొడుతోంది అనగానే నా భార్య కుర్చీలో కూలబడింది. రిజెక్షన్ అయితే స్టిరాయిడ్లు పెద్ద మోతాదులో ఎక్కించి రోగనిరోధక శక్తిని ఇంకా అణచాలి. వైరస్ అయితే దానికి పూర్తిగా ఎదురు, అణచే మందులు తగ్గించాలి. ఒకటనుకుని రెండోది చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పెద్ద డాక్టరమ్మ తొందరపడలేదు. కల్చర్‌లో బాక్టీరియా ఏదీ పెరగలేదు. జ్వరం, మంట, రక్తం మూడూ కలిసి రావడం చూసి, "ఈ మధ్య ఇంట్లో ఎవరికైనా జలుబు, కళ్లకలక వచ్చాయా?" అని అడిగారు. నేను మాట్లాడలేదు. నా భార్య చెప్పింది. రక్తం, మూత్రం రెండూ వైరస్ జాడ పట్టే పీసీఆర్ పరీక్షకు పంపారు. మార్చిన కిడ్నీని దెబ్బతీసే మరో వైరస్, బీకే అనేది, లేదు. అడినోవైరస్ రెండింటిలోనూ ఉంది.

రోగనిరోధక శక్తిని అణచే మందుల్లో మైకోఫెనోలేట్ ఆపేసి, ట్యాక్రోలిమస్ తగ్గించారు. (ఇది చదివి మీరే తగ్గించుకోకండి, నిజంగానే రిజెక్షన్ వస్తుంది.) గడ్డలు అడ్డుపడకుండా గొట్టం వేసి మూత్రాశయాన్ని సెలైన్‌తో కడుగుతూ ఉన్నారు. ఆ నాలుగు రోజుల గురించి రాయను. సిడోఫోవిర్ అనే మందు ఉందని, కాని అది కిడ్నీనే దెబ్బతీయగలదని, వైరస్ తగ్గకపోతేనే చూద్దామని అన్నారు. ఆ అవసరం రాలేదు. మూడో వారానికి మూత్రం తేటపడింది. క్రియాటినిన్ 1.4 దగ్గర ఆగింది, ఇప్పటికీ అక్కడే ఉంది. నేను అదృష్టవంతుణ్ని. ఇదే వైరస్ ఊపిరితిత్తులకో కాలేయానికో పాకితే ప్రాణం మీదికి వస్తుంది, ఎముక మజ్జ మార్పిడి జరిగిన పిల్లల్లో మరీనూ.

శానిటైజర్ సంగతి కూడా చెప్పాలి. గుమ్మం దగ్గర సీసా పెట్టి నేను ధీమాగా ఉన్నాను. కరోనా వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాలు దాన్ని చెడగొడుతుంది. అడినోకు ఆ పొర లేదు, అందుకే ఆల్కహాలుకు అంత తేలిగ్గా లొంగదు. తలుపు గొళ్లెం మీద, ఫోను మీద రోజుల తరబడి బతుకుతుంది. సబ్బుతో, పారే నీళ్లతో చేతులు కడుక్కోవాలి. గొళ్లేలను బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఒక మాట అన్నారు: "పిల్లవాడి వల్లే వచ్చిందని చెప్పలేం. కళ్లకు వచ్చే రకాలు, మూత్రాశయానికి వచ్చే రకాలు చాలావరకు వేరు. మీ ఒంట్లోనే చిన్నప్పటి నుంచి దాగి ఉండి, ఈ మందుల వల్ల లేచి ఉండవచ్చు. పెట్టిన కిడ్నీతో పాటే వచ్చి ఉండవచ్చు కూడా." ఏ రకమో తేల్చే పరీక్ష మేం చేయించలేదు. ఆవిడ చదువు ఆవిడది. నా మటుకు నాకు అనుమానం లేదు, ఆ ఫోను ద్వారానే వచ్చింది. ఆవిడ చివరగా చెప్పిన కారణాన్ని నేను ఇంట్లో ఎవరి దగ్గరా ఎత్తలేదు, నా భార్యను కూడా ఎత్తవద్దన్నాను.

గొట్టం తీసిన రోజు అక్క ఫోను చేసి, ఏమైందిరా అని అడిగింది. వేడి చేసిందని చెప్పాను. బార్లీ నీళ్లు తాగమంది.