క్లచ్ సంగతి తేల్చుకున్నాకే ట్యూనింగ్ బాక్స్

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. టర్బో డీజిల్ మాన్యువల్ బండికి ట్యూనింగ్ బాక్స్, అదే ఇంజిన్ శక్తి పెంచే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, పెట్టించుకోనా వద్దా అని అడిగావు. పెట్టుకో, నేను వద్దనను. కానీ నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు అన్నీ చూశాను, ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుందో, పికప్ ఎలా ఉంటుందో అన్నిట్లోనూ ఉంది గానీ క్లచ్ మాట ఒక్కదాంట్లోనూ లేదు. అమ్మేవాడు ఎందుకు చెప్తాడు, క్లచ్ పోతే గేర్‌బాక్స్ దించి మార్చే ఖర్చు వాడిది కాదుగా.

ముందు ఆ హార్స్‌పవర్ లెక్క పక్కన పెట్టు. క్లచ్ మోసేది టార్క్‌ని, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని. క్లచ్ ప్లేటుని ఫ్లైవీల్‌కి (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) అదిమే ప్రెజర్ ప్లేటు ఎంత గట్టిగా నొక్కుతోంది, ప్లేటు మీద లైనింగ్‌కి, అంటే రాపిడి పొరకి, ఎంత పట్టుంది, ప్లేటు సైజెంత, వీటిని బట్టే అది ఎంత టార్క్ వరకు జారకుండా ఉంటుందో తేలుతుంది. జారడమంటే ఇంజిన్ తిరిగినంతా చక్రాలకి అందకపోవడం. ఇంజిన్ ఇచ్చేదానికంటే కొంత ఎక్కువే మోసే క్లచ్‌ని కంపెనీ పెడుతుంది. ఆ మిగులు ఉంది కాబట్టే ప్లేటు సగం అరిగినా బండి మామూలుగా నడుస్తూ ఉంటుంది. నీది 250 న్యూటన్ మీటర్ల (టార్క్ కొలత) ఇంజిన్ అనుకుందాం, బాక్స్ వాడు 25 శాతం పెంచుతానంటున్నాడు, అంటే 312 దాటుతుంది. కొత్త క్లచ్ అయితే మోయొచ్చు. నీ బండి క్లచ్ ట్రాఫిక్‌లో ఎన్నాళ్లు నలిగిందో నీకే తెలియాలి.

అందుకే చాలామంది "బాక్స్ పెట్టగానే క్లచ్ పోయింది" అంటారు. నన్నడిగితే చాలా బళ్లలో అది అప్పటికే చివరి దశలో ఉంటుంది, బాక్స్ దాన్ని బయటపెడుతుంది అంతే.

కాబట్టి డబ్బు కట్టకముందే క్లచ్ చూసుకో. హ్యాండ్‌బ్రేక్ లాగి, మూడో గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజిన్ ఆగిపోయింది, కాబట్టి క్లచ్ బావుంది అని చెప్పేవాళ్లుంటారు. పూర్తిగా పోయిన క్లచ్‌ని తప్ప ఆ టెస్టు దేన్నీ పట్టుకోలేదు. అసలు టెస్టు రోడ్డు మీదే. ఇంజిన్ బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు చూసుకో, కొంచెం ఎత్తు ఎక్కే రోడ్డయితే ఇంకా మంచిది. పై గేరులో 1800, 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) మధ్య నిలకడగా వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కు. మీటరు చూసే పని పక్కన కూర్చున్నవాళ్లకి అప్పజెప్పు, నీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. గేరు మారనంత వరకు ఆర్‌పీఎం, స్పీడు ఒకే నిష్పత్తిలో పెరగాలి. ఐదో గేరులో 80 దగ్గర 2000 చూపిస్తోందనుకో, 100 దగ్గర 2500 చూపించాలి. 2800 చూపించిందంటే ఆ పై 300 క్లచ్‌లో జారిపోతున్నట్టే. మొదటి, రెండో గేర్లలో ఈ టెస్టు చేసి లాభం లేదు, అక్కడ టర్బో పూర్తిగా అందుకునేలోపే ఇంజిన్ ఆ రేంజి దాటిపోతుంది. పై గేరులో అయితే ఇంజిన్ మొత్తం టార్క్ చాలాసేపు క్లచ్ మీదే కూర్చుంటుంది.

బాక్స్ లేకుండానే జారితే ఇక ఆ ఆలోచన మానేసి ముందు క్లచ్ మార్పించు. జారిందంటే ప్రతిసారీ ప్లేటు అరిగిందనే కాదు, ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారి ప్లేటుకి ఆయిల్ అంటినా జారుతుంది, కేబుల్ క్లచ్ అయితే పెడల్‌కి ఫ్రీ ప్లే (తొక్కగానే ముందు ఖాళీగా కదిలే కొంచెం జాగా) లేకపోయినా జారుతుంది. ఈ రెండూ మెకానిక్‌తో చూపించాకే ప్లేటు మీద నింద వెయ్యి.

ఇక బాక్స్ సంగతి. మంచిది ఏం చేస్తుందంటే, డీజిల్ ఒత్తిడి కొలిచే రైల్ ప్రెజర్ సెన్సార్‌కీ, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూకీ మధ్యలో కూర్చుని, ఉన్న ప్రెజర్ కంటే తక్కువ ఉన్నట్టు ఈసీయూకి చెప్తుంది. ఈసీయూ అది నమ్మి ప్రెజర్ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది. కొన్ని బాక్సులు టర్బో గాలి ఒత్తిడి చూసే బూస్ట్ సెన్సార్‌ని కూడా ఇలాగే మభ్యపెడతాయి. ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్ స్కానర్ పెట్టే చోటు) గుచ్చితే లైట్లు వెలిగే చవక బిళ్లలున్నాయి చూడు, వాటిలో చాలావాటికి లైట్లు వెలగడం తప్ప ఇంకే పనీ రాదు. పోనీలే, వాటితో క్లచ్‌కి మాత్రం ఏ ప్రమాదం లేదు.

బిగించడం కష్టమేం కాదు. ఇగ్నిషన్ ఆపి, కీ దూరంగా పెట్టి, పది పదిహేను నిమిషాలు ఆగు, ఈసీయూ నిద్రపోవాలి. సెన్సార్‌కున్న కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్) లాక్ నొక్కి తియ్యి, వైరు పట్టుకుని లాగకు. తీసేది ఎలక్ట్రికల్ కప్లర్ మాత్రమే, డీజిల్ పైపుల నట్టు మీద స్పానర్ కూడా పెట్టొద్దు. ఇంజిన్ నడుస్తుంటే కామన్ రైల్‌లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే పైపులో, ఒత్తిడి 1600 బార్లు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది, సన్నటి ధార చర్మంలోకి దిగిపోతుంది. బాక్స్‌ని టర్బోకీ ఎగ్జాస్ట్‌కీ దూరంగా, నీళ్లు పడనిచోట కట్టు. దాంతో వచ్చే, బాక్స్ తీసేస్తే దాని బదులు పెట్టే బైపాస్ ప్లగ్‌ని డాష్‌బోర్డులో పడేసి ఉంచు, ఏదైనా తేడా వస్తే రెండు నిమిషాల్లో ఒరిజినల్‌కి వచ్చేయొచ్చు. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పీ0088 లాంటి కోడ్ వస్తే రైల్ ప్రెజర్ హద్దు దాటిందని అర్థం, సెట్టింగ్ తగ్గించు. వారంటీ, ఇన్సూరెన్స్ వాళ్లతో ముందే మాట్లాడుకో, అది వేరే తలనొప్పి.

మొదట అన్నిటికంటే కింది సెట్టింగ్‌లో పెట్టి, పైన చెప్పిన టెస్టే మళ్లీ చెయ్యి. జారకపోతే ఒక్కో మెట్టు పెంచు, ప్రతి మెట్టు దగ్గరా టెస్టు. ఎక్కడ జారడం మొదలైందో అక్కడినుంచి ఒకటి కాదు, రెండు మెట్లు వెనక్కి రా. వేడెక్కిన రోజు, బండి నిండా మనుషులున్న రోజు కూడా నిలబడాలి కదా.

నడిపే తీరు కూడా కొంచెం మారాలి. ఈ బళ్లలో టార్క్ అంతా 1750 నుంచి 2500 మధ్య ఒక్కసారిగా వచ్చి పడుతుంది, బాక్స్ వాయించేదీ అక్కడే. ఓవర్‌టేక్ చేయాలంటే ఐదో గేరులోనే బలంగా తొక్కే అలవాటుంటే మానుకో, ఒక గేరు తగ్గించి లాగు, అదే ఊపు తక్కువ టార్క్‌తో వస్తుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌కి (కుదుపులు మింగే రెండు భాగాల ఫ్లైవీల్) కూడా అదే మేలు. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు నీకుందని మీ అమ్మ చెప్పింది, దాన్ని ఇవాళే మానెయ్.

ఒకవేళ ఎప్పుడైనా జారితే, "అప్పుడప్పుడేగా, చిన్నగా జారింది" అనుకోకు, నాకు చిరాకు తెప్పించే మాట అది. 300 న్యూటన్ మీటర్ల దగ్గర 500 ఆర్‌పీఎం జారితే దాదాపు 15 కిలోవాట్ల వేడి పుడుతుంది, ఏడెనిమిది రూమ్ హీటర్లు ఆ చిన్న ప్లేటు దగ్గర ఒకేసారి వెలిగించినట్టు. లైనింగ్ గాజులా నున్నబడుతుంది, ఆ తర్వాత ఇంకా తక్కువ టార్క్‌కే జారుతుంది, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడతాయి. వెంటనే యాక్సిలరేటర్ వదిలెయ్, ఇంటికొచ్చి బాక్స్ తీసి బైపాస్ ప్లగ్ పెట్టు.

క్లచ్ మార్చాల్సి వస్తే ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ప్లేటుని వదిలించేది) మూడూ కలిపి మార్పించు, గేర్‌బాక్స్ దిగింది కాబట్టి వెనక ఆయిల్ సీల్ కూడా చూడమను. సెట్టింగ్ మధ్యస్థంగా ఉంచుకునే పనైతే మామూలు కంపెనీ కిట్టే చాలావరకు సరిపోతుంది. ఇంకా కావాలంటే గట్టి ప్రెజర్ ప్లేటుతో ఆర్గానిక్ లైనింగ్ తీసుకో, పెడల్ కొంచెం బరువెక్కుతుంది. సిరామిక్ ప్లేటు ఎవరు చెప్పినా వద్దను, ట్రాఫిక్‌లో ప్రతి సిగ్నల్ దగ్గరా బండి ఎగిరెగిరి కదులుతుంది. గేర్‌బాక్స్‌కీ ఒక టార్క్ హద్దు ఉంటుంది, క్లచ్ గట్టిదయ్యాక ఆ దెబ్బంతా దాని పళ్ల మీదే పడుతుంది, అది గుర్తుంచుకుని ఎంచుకో. కొత్త ప్లేటు కుదురుకోవడానికి ఓ 800 కిలోమీటర్లు బాక్స్ లేకుండా, గేర్లు ఎక్కువగా మారే రోడ్లలో నెమ్మదిగా తిప్పు.

ఆదివారం ఆ టెస్టు చేసి 80 దగ్గర ఎంత, 100 దగ్గర ఎంత చూపించిందో నాకు పంపు. అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు.

మామయ్య