ఎరిక్‌లో సరైన వ్యాసాలు తగలాలంటే

విద్యా పరిశోధన వ్యాసాల ఆన్‌లైన్ సూచిక ఎరిక్ (ERIC)లో ‘ఈఎస్‌ఎల్ టీచింగ్’ (ఇంగ్లిష్‌ను రెండో భాషగా బోధించడం) అని కొడితే వేలల్లో వస్తున్నాయి, పూర్తి పాఠం ఉన్నవే చూపే ఫుల్‌టెక్స్ట్ టిక్ పెడితే మంచివన్నీ మాయమవుతున్నాయి అని మీరన్నారు. కారణం మాటల్లో ఉంది: ఇంచుమించు ఒకే విషయాన్ని ఒకరు ఈఎస్‌ఎల్ అంటారు, ఇంకొకరు ఈఎఫ్‌ఎల్ (పరాయి భాషగా ఇంగ్లిష్), మరొకరు ఈఎల్‌ఎల్ (ఇంగ్లిష్ నేర్చుకునేవారు).

1. ఫుల్‌టెక్స్ట్ టిక్ తీసేయండి. ఈజే (EJ)తో మొదలయ్యే నంబరున్నవి జర్నల్ వ్యాసాలు; చాలావాటి పీడీఎఫ్ ప్రచురణకర్త దగ్గరే ఉంటుంది. ‘పీర్ రివ్యూడ్ ఓన్లీ’ (తోటి నిపుణులు పరిశీలించినవి మాత్రమే) టిక్ ఉంచండి.

2. చాలామంది దాటేసేది ఇదే. మీ అంశానికి బాగా దగ్గరున్న ఒక్క వ్యాసం తెరిచి, డిస్క్రిప్టర్ల (వ్యాసం దేని గురించో చెప్పే పదాల) వరుస చదవండి. రచయిత ఏ పేరు వాడినా ఎరిక్ సిబ్బంది తమ పదకోశంలోని మాటే అక్కడ వేస్తారు. ‘ఇంగ్లిష్ (సెకండ్ లాంగ్వేజ్)’ కనిపిస్తుంది, మీది పదసంపద అయితే ‘వొకాబ్యులరీ డెవలప్‌మెంట్’ కూడా. వెతుకుపెట్టెలో డిస్క్రిప్టర్ (descriptor) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, కోలన్ పెట్టి, ఆ పదబంధాన్ని కొటేషన్లలో ఉన్నదున్నట్టు ఇవ్వండి, బ్రాకెట్లు వదలొద్దు. రెండో డిస్క్రిప్టర్‌ను పెద్దక్షరాల ‘అండ్’ (AND)తో కలపండి. మూడోది అప్పుడే వద్దు, వలలో ఏమీ మిగలదు.

3. నచ్చినదాని శీర్షిక గూగుల్ స్కాలర్‌లో వేసి, కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కండి. యూనివర్సిటీ సైట్లో ఉచిత ప్రతి ఉంటే అక్కడే తేలుతుంది.