ఐదు గుర్రాల లాయానికి ఏ బండి కొనాలి? ముందు ట్రాలీ సంగతి తేల్చుకోండి

ప్రశ్న: హన్మకొండ పక్కన నాలుగెకరాల్లో ఐదు గుర్రాలు పెట్టుకున్నాం. లద్దె ఎత్తిపోయడానికి, గడ్డికి, నీళ్ళకు ఒక బండి కావాలి. ఫారిన్ వీడియోల్లో కనిపించే, వెనక డబ్బా ఉన్న నాలుగు చక్రాల చిన్న బండి యూటీవీ కొనాలా, మినీ ట్రాక్టరా, లోడ్ ఆటోనా?

జవాబు: యూటీవీ వద్దు. 20 నుంచి 25 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టరు, దాని వెనక ఒక క్యూబిక్ మీటరు పట్టే హైడ్రాలిక్ ట్రాలీ తీసుకోండి. అడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఈ మాట అడిగేవాళ్ళంతా బేరం హెచ్‌పీ దగ్గర మొదలుపెట్టి, ఆఖరికి చేతిలో మిగిలిన పైసలతో ఏదో ఒక ట్రాలీ తగిలించుకొస్తారు. చూడాల్సింది ముందు ట్రాలీ, తర్వాత బ్రేకు, ఆ తర్వాతే ఇంజిను.

350 - 400 కిలోల గుర్రం రోజుకు లద్దె, మూత్రం కలిపి 18 - 20 కిలోలు వేస్తుంది. కింద పరిచిన ఊక కూడా కలిస్తే 25 - 30 కిలోలు. ఐదింటికి కలిపి రోజుకు 130 - 150 కిలోలు ఎత్తిపోయాలి. వానాకాలంలో ఒక రోజు ఆపితే రెండో రోజుకు 300 కిలోలు, పైగా తడి. నీళ్ళు మామూలు రోజుల్లో గుర్రానికి 30 - 40 లీటర్లు, మే నెలలో 50 దాటుతాయి. అయితే నీళ్ళ కోసం బండి అనే ఆలోచనే తీసేయండి. బోరు నుంచి ఇంచు పైపు పరిచి, తొట్టికి, నిండగానే నీళ్ళు ఆపే ఫ్లోట్ వాల్వు పెడితే ఆ పని ఒక్కసారితో తీరిపోతుంది. నీళ్ళ ట్యాంకు మోయక తప్పదనుకున్నప్పుడు నిండా నింపండి, లేదా ఖాళీగా తీసుకురండి. సగం నిండిన 500 లీటర్ల ట్యాంకు మలుపులో అటూ ఇటూ ఊగి, నిండు ట్యాంకు కన్నా ముందు బోర్లా పడేస్తుంది.

ఇక ట్రాలీ. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే 36 ఘనపుటడుగులు, సుమారు ఒక క్యూబిక్ మీటరు. అదే ట్రాలీ నిండా మిల్లు నుంచి వరి ఊక తెస్తే వంద కిలోల పైచిలుకు. తడిసిన ఊక, లద్దె నింపితే 600 - 700. గుర్రాలు తిప్పే మైదానానికని ఇసుకో మొరమో నింపితే 1600 దాటుతుంది. చూడటానికి మూడూ ఒకటే లెక్క, అంచు దాకా నిండిన డబ్బానే. పొద్దున ఊక తెచ్చిన ఊపులోనే మధ్యాహ్నం మొరం నింపేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. ట్రాలీ లోపలి పలకకు తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి, మొరం, ఇసుక ఆ గీత దాటకూడదు. అడుగు నుంచి ఆరంగుళాల దగ్గర గీస్తే 500 - 600 కిలోల దగ్గర ఆగుతుంది.

మినీ ట్రాక్టర్లు చాలావరకు 650 నుంచి 900 కిలోలు ఉంటాయి. బ్రేకులు లేని ట్రాలీ సొంత బరువు, అందులోని సరుకు రెండూ కలిపి వాలులో ట్రాక్టరు బరువును దాటకూడదు. దాటితే ఏమవుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే షోరూంలో దీన్ని ఎవరూ చెప్పరు.

ఆగస్టు. రెండ్రోజులు ముసురు పట్టి అప్పుడే తెరిపిచ్చింది. లాయం ఎత్తు మీద, లద్దె గుంత కింద గట్టు పక్కన. వరంగల్ చుట్టుపక్కల చెల్కలు చాలావరకు ఇట్లనే కొట్టం మీద, వాలు కిందికి ఉంటాయి. ట్రాలీలో అంచు దాకా లద్దె, నానిన ఊక, మొత్తం 700 కిలోలు. ట్రాలీ ఇనుము ఇంకో 300. ముందున్న ట్రాక్టరు 750. అంటే వెనక నుంచి తోసేది పెద్దది, ముందు ఆపాల్సింది చిన్నది. డీజిల్ మిగులుతుందని డ్రైవరు న్యూట్రల్ చేస్తాడు. పది గజాల దాకా హాయిగా దిగుతుంది. ఎర్రమట్టి పైపొర సబ్బులెక్క ఉంటుంది, కింద గట్టి నేల. వేగం పెరిగిందనిపించి బ్రేకు తొక్కుతాడు. ట్రాక్టరుకు ఎడమ చక్రానికి ఒక పెడల్, కుడి చక్రానికి ఒక పెడల్. దుక్కిలో గిర్రున తిరగడానికి రెండింటినీ విడదీసింది అట్లనే ఉండిపోయింది. కాలు కుడిదాని మీద పడుతుంది. కుడి వెనక చక్రం బిగుసుకుంటుంది, ఎడమది దొర్లుతూనే ఉంటుంది, ట్రాక్టరు ముక్కు కుడికి తిరుగుతుంది. ట్రాలీకి మాత్రం ఈ సంగతి తెలియదు, తిన్నగానే వస్తుంది. ట్రాలీ ముందు దూలం వచ్చి వెనక టైరుకు ఆనుకుంటుంది, ఇక ట్రాలీయే ట్రాక్టరును అడ్డంగా నెడుతుంది. స్టీరింగు ఎటు తిప్పినా ముందు చక్రాలు జారుతాయి. కొక్కెం మీద ట్రాలీ బరువు పడి అవి ముందే తేలికైపోయాయి మరి. ఇదంతా మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది.

దీనికి మందు దిగకముందే వేయాలి. వాలు నెత్తి మీద ఆగి లో గేరు, మొదటిదో రెండోదో వేసుకోండి. దిగేటప్పుడు గేరు మార్చొద్దు, క్లచ్ మీద కాలే పెట్టొద్దు. రెండు బ్రేకు పెడళ్ళను కలిపే ఇనుప పట్టీ వేసి ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. ఫోర్ వీల్ లివర్ కూడా వేయండి. చాలామంది దాన్ని ఎక్కడానికే వాడతారు, అసలు లాభం దిగేటప్పుడుంది. ఈ ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ఫోర్ వీల్ వేస్తే ఇంజిను పట్టు, బ్రేకు పట్టు ముందు చక్రాలకూ అందుతాయి. ముందు బంపరుకు కంపెనీ ఇచ్చే బరువు దిమ్మెలు వేయించండి. ట్రాలీని ఎప్పుడూ ట్రాక్టరు వెనక కింద ఉండే డ్రాబారు అనే ఇనుప కడ్డీకే తగిలించండి. పైన పనిముట్లు తగిలించే టాప్ లింకు పాయింటుకు గొలుసు కట్టి లాగితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది.

గుంత దగ్గర ఇంకో చిక్కుంది. తడి లద్దె ట్రాలీ ముందు భాగానికి అతుక్కుని, హైడ్రాలిక్ ఎత్తినా జారదు. డబ్బా నిలువుగా లేచి, బరువంతా పైన వేలాడుతుంది. ఆ సమయానికి ఒక చక్రం గుంత అంచులో ఉంటే పక్కకు ఒరుగుతుంది. నింపే ముందు అడుగున నాలుగు వేళ్ళ మందం పొడి ఊక చల్లండి, ఒక్కసారిగా జారిపోతుంది. లేపిన డబ్బా కిందికి మనిషి వెళ్ళాలంటే కట్టె దిమ్మె ఆనించాకే. గుర్రపు మూత్రం ఇనుమును తినేస్తుంది, మొదట పోయేది వెనక కబ్జాల మూల. రోజూ కడగాలి, ఏడాదికోసారి పెయింటు వేయాలి.

యూటీవీ ఎందుకు వద్దంటున్నానంటే, మోడల్‌ను బట్టి దాని డబ్బా సుమారు 200 నుంచి 500 కిలోలే మోస్తుంది. దానికి మామూలుగా పీటీఓ (ఇంజిను బలంతో వేరే యంత్రాన్ని తిప్పే షాఫ్టు) ఉండదు, అంటే చొప్ప నరికే చాఫ్ కట్టరుకు మళ్ళీ వేరే మోటారు. చాలావాటిది బెల్టుతో నడిచే గేరుపెట్టె కాబట్టి బరువు లాగుతూ హై రేంజిలో నెమ్మదిగా పోతే బెల్టు కాలుతుంది, కాలిన బెల్టు వరంగల్‌లో ఏ స్పేర్ పార్టుల దుకాణంలో దొరుకుతుంది? సైలెన్సరు చుట్టూ ఎండుగడ్డి పేరుకుని నిప్పంటుకునే బెడద వేరు. మామూలు యూటీవీ మన రోడ్డెక్కడానికి రిజిస్ట్రేషన్ కాదు. పొలారిస్ కంపెనీ బండి స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టరుగా రిజిస్టరయ్యే రూపంలో 2020లో మన దేశంలో తెచ్చారు గానీ, అది మోటారు సైకిలులా కూర్చునే ఏటీవీ, వెనక డబ్బా ఉన్న యూటీవీ కాదు. అన్నిటికీ మించి సర్కారు తుమ్మ ముల్లు. గడ్డి మీద పోయే మెత్తటి టైర్లకు మన కంచెల పక్కన వారానికో పంక్చరు ఖాయం.

లోడ్ ఆటో మిల్లు నుంచి ఊకకు, టౌను నుంచి ఉలవలకు, తవుడుకు మంచిదే. నల్లరేగడిలో మాత్రం ముందు ఒంటి చక్రం మడ్‌గార్డులో మట్టి మెత్తుకుని తిరగనంటుంది. మీది పూర్తిగా ఎర్రచెల్క అయి, రెండు గుర్రాలే ఉంటే ఒక ఎలక్ట్రిక్ లోడ్ ఆటోతో గడిచిపోతుంది. ఐదింటికి చాలదు.

లాయం వరుసల మధ్య దారి కొలవండి. మినీ ట్రాక్టరు వెడల్పు మూడున్నర, నాలుగడుగులు. రెండు వైపులా గుర్రాలు తలలు బయట పెడతాయి కాబట్టి పదడుగులు లేని దారిలోకి ట్రాక్టరును తేవొద్దు. ట్రాలీని గుమ్మం బయట పెట్టి తోపుడు బండితో తెచ్చి పోయండి. పైకి నిలబడే సైలెన్సరు ఉన్న బండి గడ్డి కొట్టం చూరు కిందికి పోకూడదు, పనయ్యాక వేడి మీద అక్కడే నిలపడం అసలే కూడదు. ఇంజిను నడుస్తుండగా గుర్రాల మధ్య వదిలేసి దిగకండి. అవి సీటు కొరుకుతాయి, వైర్లు నములుతాయి, ఒంటితో రుద్దుకుంటూ లివర్ కూడా కదిలిస్తాయి. బండి నుంచి ఊడిపోయే కాటర్ పిన్నులు, గడ్డి మోపుల ఇనుప తీగలు డెక్కలో దిగితే ధనుర్వాతం దాకా పోతుంది. పిన్నులకు ఎర్ర గుడ్డ పేలిక కట్టండి, పడితే కనిపిస్తుంది.

పచ్చి లద్దెను గుర్రాలు మేసే చోట చల్లే పని పెట్టుకోకండి, కడుపులో పురుగుల గుడ్లు అందులోనే ఉంటాయి. ముందు గుంతలో మగ్గి వేడెక్కాలి. మేతభూమిలో పడినదాన్ని చెదరగొట్టడానికి ముళ్ళ గొలుసు లాగాలంటే ఏప్రిల్, మే ఎండల్లో లాగండి, పిల్లపురుగులు మాడిపోతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా లాగితే పురుగును మీరే చేనంతా విత్తినట్టు.

మన దగ్గర ట్రాక్టరు కొనగానే దాని మీద పెళ్ళి బరాత్‌కు సరిపోయే సౌండు బాక్సులు బిగిస్తారు. గుర్రాలున్న చోట అవి తీసేయించండి, లేకుంటే రోజూ లద్దె ఎత్తే వేళకు గుర్రాలు గోడ ఎక్కుతాయి. నాటు దమ్ముకని ఇనుప కేజ్ వీల్స్ వేసి, అవి తీయకుండానే సీసీ రోడ్డు మీద నడిపే పనివాడిని కూడా పెట్టుకోకండి. రోడ్డు పాడవుతుందని ఊళ్ళో గొడవ ఒకటి, ఆ ఇనుప చప్పుడు ఒకటి.

సెకండ్ హ్యాండు అయితే సరే గానీ, వరి దమ్ములో నలిగిన బండిని కనిపెట్టాలి. ముందు యాక్సిల్ అడుగున ఆయిల్ బోల్టు విప్పించండి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ లెక్క వస్తే లోపలికి నీళ్ళు పోయాయని అర్థం, గేర్లు, బేరింగులు తినేసి ఉంటాయి. రేడియేటరు జాలిలో ఊక, దుమ్ము ఇరుక్కుందా చూడండి. గాలి కొట్టి శుభ్రం చేసేటప్పుడు ఇంజిను వైపు నుంచి బయటికి కొట్టాలి, బయటి నుంచి కొడితే లోపలికే దిగుతుంది. ఆ తర్వాత అమ్మేవాడి చేత ట్రాలీ తగిలించి మీ లాయం దాకా తెప్పించి, గేట్లోంచి రివర్సులో లోపలికి పెట్టించండి. పెట్టగలిగితేనే అడ్వాన్సు ఇవ్వండి.