ఎగుడుదిగుడు నేల నుంచి అన్యాయం దాకా

ప్రశ్న: లాటిన్‌లో ‘ఇనీక్వితాస్’ అంటే అన్యాయమని నిఘంటువులో చూశాను. సీజర్ యుద్ధ వర్ణనలో అదే మాటను నేల గురించి, లాటిన్ బైబిల్లో పాపం గురించి వాడారు. వీటిలో అసలు అర్థం ఏది? ‘ఇన్యూరియా’ కూడా అన్యాయమే కదా, రెండింటికీ తేడా ఏమిటి?

జవాబు: మూడు అర్థాలూ సరైనవే గాని, నేలకు సంబంధించినదే మూలార్థం. చదునైన, సమమైన అని చెప్పే ‘ఐక్వుస్’కు ముందు వ్యతిరేకార్థకమైన ‘ఇన్’ చేరి ‘ఇనీక్వుస్’ అయింది. ఇనీక్వితాస్ దాని భావనామం. క్రీ.పూ. 52లో గాల్ దేశంలోని గెర్గోవియా కొండకోట మీద జరిగిన దాడిలో, వెనక్కి రమ్మని బూర ఊదించినా ఆగకుండా గోడల దాకా ఎగబాకిన రోమన్ సేన, 46 మంది శతాధిపతులను, 700కు కాస్త తక్కువ మంది సైనికులను పోగొట్టుకుంది. మర్నాడు సైన్యాన్ని సమావేశపరచి మందలించిన సీజర్, ‘ఇనీక్వితాస్ లోకీ’ ఎంతపని చేస్తుందో వారికి వివరించాడు. దానిని ‘స్థలం చేసిన అన్యాయం’ అని తెనిగిస్తే నవ్వులపాలవుతాము; పల్లం నుంచి మెరకకు ఎక్కుతూ పోరాడవలసి రావడం వల్ల కలిగిన ప్రతికూలత అని అక్కడి భావం.

ఈ ప్రతికూలార్థం నేల నుంచి కాలానికీ, ఇరుపక్షాలను సమంగా చూడని మనిషికీ పాకింది. రోమన్ వక్త సిసెరో తనంటే గిట్టనివారిని ‘ఇనీక్వీ’ అనే అన్నాడు. తెలుగువారికి ఇది కొత్తగా తోచనక్కర లేదు. ‘సమ’కు ఎదురైన ‘విషమ’ ఎగుడుదిగుడు నేలకూ, గడ్డు పరిస్థితికీ చెల్లుతుంది, దాని నుంచి వచ్చిన ‘వైషమ్యం’ మనకు నేడు పగనే స్ఫురింపజేసినా, ఈశ్వరునికి వైషమ్యాన్ని, నిర్దయను అంటగట్టలేమని చెప్పే బ్రహ్మసూత్రంలో (2.1.34) దానికి పక్షపాతమనే అర్థం.

చర్చి లాటిన్‌లో మాత్రం నేల వాసన పోయింది. తెలుగు బైబిలు 51వ కీర్తనలో ‘నా దోషము’ అన్నచోట లాటిన్ పాఠంలో ఇనీక్వితాస్ ఉంటుంది. పక్కనే వచ్చే ‘పాపము’కు ‘పెక్కాతుమ్’ అనే వేరే మాట ఉంది.

ఇక ఇన్యూరియాకు మూలం ‘యూస్’, అంటే చట్టబద్ధమైన హక్కు. అవమానించడం, ఇతరుల ఆస్తికి అక్రమంగా నష్టం కలిగించడం వంటి చర్యలకు రోమన్ న్యాయశాస్త్రంలో అదే పేరు. ఇనీక్వితాస్‌లో చట్టం మీరడం తప్పనిసరి కాదు, సమత్వం తప్పితే చాలు. అయితే న్యాయాధికారి అన్యాయంగా తీర్పు చెప్పినప్పుడు ఆ ఇనీక్వితాస్‌నే ఇన్యూరియా అనడం కూడా ఉందని న్యాయవేత్త ఉల్పియన్ రాశాడు.