గీకేసింది నాచు కాదు, గుడ్లు

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మాకు ఆరెకరాల వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. పిల్లల సరదా కోసం రెండేళ్ల క్రితం ఇంట్లో 300 లీటర్ల సముద్రపు నీటి అక్వేరియం పెట్టాం. అందులో లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాళ్లు), పుట్టగొడుగులా ఉండే ఒక తోలు పగడం, మూడు తెల్ల పట్టీల క్లౌన్ చేపలు రెండు ఉన్నాయి. ఇన్నాళ్లూ రెండూ కలిసే తిరిగేవి. రెండు నెలలుగా పెద్ద పోతు చేప మొండికేసింది. చేయి పెడితే వచ్చి కరుస్తోంది. చిన్నదాన్ని తరుముతోంది. తోకతో ఇసుక ఎగదోసి గుంటలు చేస్తోంది. పగడంలో దూరి పొర్లుతోంది. ఆ పగడం నాలుగు రోజులుగా విచ్చుకోవడం లేదు. తోడు ఉంటాయని మూడు వారాల క్రితం ఇంకో రెండు చిన్న క్లౌన్ చేపలు తెచ్చి వేశాం. వాటిలో ఒకటి రెక్కలు చిరిగి ఫిల్టర్ వెనక పై మూలలో నక్కి ఉంటోంది. మొన్న అద్దం మీద నారింజ రంగు నాచు పట్టిందని గీకేస్తుంటే పెద్దది మరీ రెచ్చిపోయింది. దాన్ని తీసేయమంటారా? ఏదైనా మందు కలపాలా? – ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మందు అక్కర్లేదు. పెద్దదాన్ని తీయనూ వద్దు. తీయవలసింది కొత్తగా వేసిన రెండింటిని, అదీ ఈ రోజే.

ముందు ఆ నారింజ రంగు నాచు సంగతి చూద్దాం. సముద్రపు అక్వేరియంలో నాచు పచ్చగా గాని, గోధుమ రంగులో గాని పడుతుంది. ఒక్కోసారి ముదురు ఎరుపు పొరలా కూడా వస్తుంది. నారింజ రంగులో నాలుగు వేళ్ల వెడల్పున, నూక గింజల్లాంటివి ఒక్కొక్కటీ విడివిడిగా అతుక్కుని, నీరు కదిలినప్పుడల్లా ఊగుతూ కనిపిస్తే అవి గుడ్లు. మీరు గీకేసింది వాటి సంసారాన్ని. రెచ్చిపోక ఏం చేస్తుంది! గుడ్లు పెట్టడానికి కొద్ది రోజుల ముందు నుంచే జంట కలిసి ఒక రాయినో అద్దాన్నో నోటితో కొరికి శుభ్రం చేస్తుంది. చుట్టూ ఉన్న ఇసుకను తోకతో ఊడుస్తుంది. దగ్గరకు వచ్చినదేదైనా శత్రువే. మీరు రాసిన లక్షణాల్లో చాలా వరకు దీనికి సంబంధించినవే.

ఇక, మీరు పోతు అంటున్నది పోతు కాదు, ఆడ చేప. పెద్దదిగా పొగరుగా ఉన్నది మగదే అనుకోవడం పశువులూ కోళ్లూ చూసిన కళ్లకు అలవాటు. క్లౌన్ చేపల్లో లెక్క తిరగబడుతుంది. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, రెండోది దాని జోడు మగది, మిగిలినవన్నీ ఏదీ కాని కుర్ర చేపలు. ఆడది చచ్చిపోతే మగదే కొన్ని నెలల్లో ఆడదిగా మారుతుంది, వరసలో తర్వాతి కుర్ర చేప మగదవుతుంది. ఒకసారి ఆడదైన చేప తిరిగి మగది కాలేదు. అందుకే పెద్దదాన్ని తీసేసినా మీ బెడద తీరదు. ఈ రోజు బుద్ధిగా ఉన్న చిన్నదే రేపు ఆ గద్దెక్కి మీ చేతిని కరుస్తుంది.

చిన్నది రెండేళ్లయినా ఎదగలేదని మీకు అనుమానం వచ్చి ఉండవచ్చు. మేత చాలక కాదు. పాపువా న్యూ గినీ పగడపు దిబ్బల్లో పెర్క్యులా అనే దగ్గరి జాతి చేపలను కొలిచి చూసిన అధ్యయనం ఒకటి 2003లో వెలువడింది. వరసలో వెనక ఉన్న చేప తన ముందున్నదాన్ని మించకుండా తన ఎదుగుదలను తానే అదుపులో ఉంచుకుంటుందని అందులో తేలింది. పెద్దదానికి పోటీగా కనిపిస్తే తరిమివేత తప్పదని దానికి తెలుసు. వరస సజావుగా ఉన్నంత కాలం పోట్లాట తక్కువ. మీరు మధ్యలో ఇంకో ఇద్దరిని దించారు. మీ దృష్టిలో తోడు, పెద్దదాని దృష్టిలో వాటాకు వచ్చినవాళ్లు. సముద్రంలో ఈ చేపలు ఇల్లు చేసుకునే ఎనిమోన్ అనే పువ్వులాంటి జీవి ఒక్కదానిలోనే నాలుగైదు ఉంటాయి కదా అనవచ్చు. అక్కడ ఇష్టం లేనివాటిని గెంటేస్తాయి, అవి వేరే చోటు వెతుక్కుంటాయి. మీ అక్వేరియంలో గెంటేస్తే వెళ్లడానికి ఫిల్టర్ వెనక మూల తప్ప ఏముంది?

రెక్కలు చిరిగినదాన్ని, దాని జతదాన్ని పట్టి వేరే తొట్టిలో వేయండి. ఇప్పుడున్న నీటినే పోసి, చిన్న స్పాంజి ఫిల్టర్, దాక్కోవడానికి ఒక పైపు ముక్క పెడితే చాలు. స్పాంజిని కొన్నాళ్లు పాత అక్వేరియంలో నానబెట్టి ఉంటే మంచిది. లేకపోతే రోజూ అమ్మోనియా చూసుకుంటూ నీరు మార్చండి. చర్మం మీద తెల్ల చుక్కలు గాని, చిక్కటి జిగురు గాని లేకుండా, ఊపిరి మామూలుగా ఉంటే చిరిగిన రెక్కలు శుభ్రమైన ఉప్పునీటిలో వాటంతట అవే పూడతాయి. జిగురు కమ్మి, మేత మానేసి, మొప్పలు వేగంగా ఆడుతుంటే మాత్రం అది కాట్ల వల్ల వచ్చింది కాదు, పరాన్నజీవుల జబ్బు. అప్పుడు ఆలస్యం చేయకుండా మత్స్యశాఖ వారికి చూపించండి.

మందు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. చెరువు మీద అలవాటైన చేయి ఊరుకోదు, ఏదో ఒకటి చల్లాలనిపిస్తుంది. రాగి ఉన్న మందు పగడం ఉన్న అక్వేరియంలో పడితే పగడం, నత్తలు, రొయ్యలు మిగలవు. రాగి రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకి తర్వాత ఎన్నాళ్లో వదలదు. వైద్యం ఏదైనా వేరే తొట్టిలోనే.

పాత జంట మధ్య తరుముళ్ల సంగతికి వద్దాం. మీరు కాస్త దగ్గర కూర్చుని పది నిమిషాలు చూడండి. పెద్దది మీదికి రాగానే చిన్నది పక్కకు ఒరిగి, ఒళ్లంతా గజగజ వణికిస్తే అది లొంగుబాటు, ‘నీదే పెత్తనం’ అని ఒప్పుకోవడం. మూర్ఛ అని కంగారు పడి ఫోను చేసేవారు చాలామంది. అది చూశాక పెద్దది వెనక్కి తగ్గితే కాపురం బాగున్నట్టే. అలా కాక చిన్నది నీటిపై మూలలోనే ఉంటూ, మేతకు రాలేకపోతుంటే వేరు చేయాలి. అప్పుడు అందరూ చేసే తప్పు, దెబ్బలు తిన్నదాన్ని పెట్టెలో పెట్టడం. చిల్లుల పెట్టెలో పెట్టవలసింది ఆడదాన్ని. దాన్ని వారం పాటు లోపలే వేలాడదీసి, చిన్నదాన్ని స్వేచ్ఛగా తిరగనివ్వండి. చోటు మీది పట్టు సడలి, చాలా జంటలు దారికి వస్తాయి.

చేతిని కరవడానికి పరిష్కారం చేతిని తగ్గించుకోవడమే. అద్దానికి అయస్కాంతపు గీకుడు బిళ్ల వాడండి. మేతకు, సర్దుబాట్లకు పొడవాటి పటకారు వాడండి. చేయి పెట్టక తప్పని రోజున కూరగాయలు కడిగే చిల్లుల గిన్నెను మెల్లగా ముంచి పెద్దదాన్ని అందులోకి పట్టి ఉంచి పని ముగించుకోండి. ఆ గిన్నె దగ్గర చెవి పెడితే టకటకమని చప్పుడు వినిపిస్తుంది. దవడలు వేగంగా మూసుకుని పళ్లు ఒకదానికొకటి తగిలే శబ్దం అది, బెదిరింపు. హేచరీలో పని చేసిన రోజుల్లో గుడ్లు అతుక్కుని ఉన్న మట్టి పెంకు తీయబోయి నేనూ కరిపించుకున్నాను. నొప్పి చీమ కుట్టినంత, ఉలికిపాటు మాత్రం పాము కరిచినంత. పెంకు చేజారి తొట్టి అడుగున పడింది. చర్మం గీరుకుంటే సబ్బుతో బాగా కడగండి. చేతికి పుండు ఉన్నప్పుడు నీటిలో పెట్టవద్దు. అక్వేరియం నీటిలోని కొన్ని బ్యాక్టీరియా వల్ల వేళ్ల మీద మానని గడ్డలు వస్తాయి. అలాంటిది కనిపిస్తే డాక్టరుకు ఇంట్లో అక్వేరియం ఉందన్న మాట తప్పక చెప్పండి.

ఇసుక తవ్వడం మాన్పించలేరు. మీరు చూసుకోవలసింది రాళ్లను. లైవ్ రాక్ ఇసుక మీద కూర్చుని ఉంటే కింద తవ్వినప్పుడు ఒరిగి అద్దానికి కొట్టుకుంటుంది. రాళ్లు అడుగు అద్దానికి ఆని ఉండేలా సర్ది, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయండి.

తోలు పగడం విచ్చుకోకపోవడానికి నేరమంతా చేప మీద వేయకండి. ఈ జాతి పగడం అప్పుడప్పుడూ కొన్ని రోజులు ముడుచుకుని, పైన మైనం లాంటి పొరను వదిలి మళ్లీ తెరుచుకుంటుంది. నీటి ఒరవడి కాస్త తగిలేలా చేస్తే ఆ పొర త్వరగా ఊడుతుంది. రెండు వారాలు దాటినా ముడుచుకునే ఉండి, చేప అదే పనిగా రుద్దుతుంటే పగడాన్ని దూరపు రాయి మీదికి మార్చండి. పాత చోట రంగు వేయని చిన్న మట్టి కుండీని పక్కకు పడుకోబెట్టండి. రెండు రోజులు నీటిలో నానబెట్టి కడిగిన పెంకుటింటి పెంకు ముక్క అయినా సరే. చాలా జంటలు దాన్నే ఇల్లు చేసుకుని, గుడ్లు కూడా దాని మీదే పెడతాయి. గుడ్ల చోటు అద్దం నుంచి అక్కడికి మారితే మీ చేతికీ దానికీ తగువు సగం తీరినట్టే.

దుకాణంవారు ఎనిమోన్ కొనమంటారు. వద్దని నా సలహా. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు ఎనిమోన్ లేకుండా ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. ఎనిమోన్ ఉన్నచోట ఉండదు, పాకుతూ వెళ్లి నీటి పంపులో చిక్కుకుని నుజ్జయితే ఒక్క రాత్రిలో నీరంతా పాడవుతుంది. పగడం కొనే ముందు ఇంకో మాట: రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన తీరంలో తీసినవాటిని కొన్నా, అమ్మినా నేరమే.

నీటి గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. వనామీకి అలవాటైన లెక్కలు ఇక్కడ కాస్త బిగుతు, అంతే. ఉప్పు 33 నుంచి 35 పీపీటీ (వెయ్యికి వంతులు), వేడి 26 నుంచి 28 డిగ్రీలు, ఆల్కలినిటీ (క్షారత) 140 నుంచి 180 పీపీఎం (పది లక్షలకు వంతులు), అమ్మోనియా సున్నా. ఆవిరైన మేరకు ఉప్పు లేని శుద్ధి చేసిన నీరే పోయాలి, ఉప్పునీరు కాదు.

గీకేశామని బాధపడకండి. జంట కుదుటపడితే రెండు మూడు వారాల్లో మళ్లీ పెడుతుంది. ఈసారి మగది పక్కనే ఉండి రెక్కలతో విసురుతూ, చెడిన గుడ్లను నోటితో ఏరేస్తూ కనిపిస్తుంది. ఏడెనిమిది రోజులకు గుడ్లలో వెండి కళ్లు మెరుస్తాయి. ఆ రాత్రి దీపాలు ఆర్పాక పిల్లలు బయటికి వస్తాయి. వాటి నోటికి ఆర్టీమియా (చేప పిల్లలకు మేతగా వేసే చిట్టి ఉప్పునీటి రొయ్య) కూడా పెద్దదే. మొదటి రోజుల్లో అంతకంటే చిన్నవైన రోటిఫర్లు అనే సూక్ష్మజీవులే కావాలి. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఈ పెంపకం పద్ధతులపై మండపం, విళింజం కేంద్రాల్లో పని చేసింది. విశాఖపట్నంలోనూ ఆ సంస్థకు కేంద్రం ఉంది, ఆసక్తి ఉంటే వెళ్లి అడగండి.

వేరే తొట్టిలో వేసిన ఆ రెండు కుర్ర చేపలను మాత్రం దుకాణానికి తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది అయితే వాటిని కలిపే ఉంచండి. ఏడాది రెండేళ్లలో అవే ఇంకో జంట అవుతాయి. అప్పటికి వాటికి వేరే అక్వేరియం సిద్ధం చేసుకోండి, పాతదానిలో మాత్రం మళ్లీ కలపకండి.