అమ్మ సోలో కింద ఫోర్టే రాయకు

చిన్నా,

ఈ క్రిస్మస్‌కి క్వయర్ పాట నాలుగు గొంతులకీ నువ్వే నొటేషన్ రాస్తున్నావని, సోలో అమ్మకిచ్చావని వదిన ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నొటేషన్ రాసే మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్‌లో స్వరం ఎంచుకుని, పాలెట్‌లో ఎంత గట్టిగా, ఎంత మెల్లగా పాడాలో చెప్పే గుర్తు నొక్కితే పడుతుంది, అది నీకు తెలుసు. పాడేవాళ్ళకి గుర్తులు స్టాఫ్ పైన, అంటే స్వరాలు రాసే అయిదు గీతల పైన పెట్టు, కింద సాహిత్యం ఉంటుంది. మామూలు టెక్స్ట్‌లో ‘పి’ అని కొట్టి వదిలేయకు, పోయినసారి పంపిన పేజీలో అదే చేశావు. చూడ్డానికి పియానో, అంటే మెల్లగా పాడమనే గుర్తులాగే ఉంటుంది గానీ కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. గొంతు క్రమంగా పెంచమనే క్రెసెండో గీస్తే చివర ఎంతదాకా వెళ్ళాలో కూడా రాయి. లేకపోతే టెనర్లు, అదే మగవాళ్ళలో పై గొంతులవాళ్ళు, అరుపులోకి దిగుతారు.

అసలు సంగతి ఇది. 2016లో నేనూ ఇలాగే రాశాను. సోలో ఒక పెద్దావిడ. కింద మగవాళ్ళు ‘ఊ’ అని పట్టి ఉంచాలి. మొదట వాళ్ళకి పియానో అనే పెట్టాను. ల్యాప్‌టాప్‌లో ప్లే చేస్తే బేస్, అంటే అన్నిటికన్నా కింది మగ గొంతు, వినపడలేదు. ఆ చిన్న స్పీకర్లలో కింది స్వరాలు పలకవని నాకు తట్టలేదురా. ఓ మోస్తరు గట్టిగా పాడమనే మెజో ఫోర్టే చేశాను, అదీ చాలక గట్టిగా పాడమనే ఫోర్టే చేశాను. సాఫ్ట్‌వేర్ లెక్కలో వాటి గట్టిదనం 80, 96. ఆ అంకెలకి చర్చిలో నిలబడే మనుషులతో ఏం సంబంధం?

ఆవిడకి జ్వరం, రిహార్సల్స్‌కి రాలేదు. ఆరాధన రోజు పన్నెండు మంది మగవాళ్ళు ఒక్కసారిగా ఎత్తుకున్నారు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట వినపడదు. తగ్గించమని నేను ఎడమ చేయి కిందికి దించి ఎంత సైగ చేసినా వాళ్ళ కళ్ళు కాగితం మీదే. కాగితం మీద ఫోర్టే ఉంది. ఆవిడ గొంతు పెంచింది, పై స్వరం దగ్గర జీర వచ్చి ఆగిపోయింది. బయటికొచ్చాక, “వయసైపోయిందమ్మా, గొంతు పోయింది” అంది. తప్పు నా రాతదని చెప్పలేకపోయాను. ఆవిడ మళ్ళీ సోలో పాడలేదు.

వదినది సన్న గొంతు. నీకు జోల పాడుతుంటే పక్క గదిలోకి వినపడేది కాదు. అందుకే చెప్తున్నా, అమ్మకి మెజో ఫోర్టే ఉన్నచోట మగవాళ్ళకి పియానో కన్నా మెల్లని పియానిస్సిమో రాయి. అందరికీ ఒకే గుర్తు ఉండక్కర్లేదు. బేస్‌ని మంచి హెడ్‌ఫోన్స్‌లో విను. ఆ తర్వాత అమ్మని వంటింట్లో పాడమని, నువ్వు పక్కన బేస్ పాడి చూడు.

ప్రింట్ తీయించే ముందు నాకు పంపు. వదినకి దగ్గు ఇంకా తగ్గలేదట, రాత్రిపూట మిరియాల పాలు కాచి ఇవ్వు.

మీ అత్త