మావాడికి తండ్రి కనిపించడం లేదు

ప్రశ్న: మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణం. మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఏడాదిగా ఒక పేరున్న బోధకుడి సభలకు తిరుగుతూ ఆయన గొంతును, వేషాన్ని అనుకరిస్తున్నాడు. చదువు ఆపి ఆయన బృందంలో చేరతానంటున్నాడు. మావారు సహకార బ్యాంకులో గుమాస్తా, మా చర్చికి కోశాధికారి. నోరు లేని మనిషి. మొన్న మావాడు, “చాపలు పరచడం, కానుకలు లెక్కపెట్టడం తప్ప దేవుని కోసం మీరేం చేశారు?” అని ఆయన్ని ముఖం మీదే అడిగాడు. ఆయన ఏమీ అనలేదు, ఆ రాత్రి అన్నం తినలేదు. వాణ్ణి ఎలా మార్చాలి?

జవాబు: సోదరీ, మీ అబ్బాయి మాటలో తలబిరుసుతనం ఉంది, కాని దేవుని కోసం ఏదైనా చేయాలన్న ఆరాటం కూడా ఉంది. ఆ ఆరాటాన్ని చల్లార్చకుండా, అది ఎవరిని చూసి నేర్చుకోవాలో వాడికి చూపించడమే ఇప్పుడు మీ ఇద్దరి పని. అందుకని ముందుగా ఆ బోధకుణ్ణి విమర్శించడం మానండి. ఆ వయసు పిల్లలు తాము అభిమానించే మనిషిని ఇంట్లో ఒక్క మాటంటే, ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుని ఆయనకు మరింత దగ్గరవుతారు.

ఒకరిని మాదిరిగా పెట్టుకోవడం విశ్వాసికి తప్పు కాదు. తాను క్రీస్తును పోలి నడుచుకుంటున్నట్టే తనను పోలి నడుచుకోమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. అయితే హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం, వాక్యం బోధించినవారి ప్రవర్తన ఫలాన్ని శ్రద్ధగా తలంచుకుని వారి విశ్వాసాన్ని అనుసరించమంటుంది. ఆ ఫలం తెలియాలంటే మనిషిని దగ్గరగా, చాలాకాలం చూడాలి. వేదిక మీదో ఫోనులోనో గంటసేపు కనిపించే బోధకుడు సభ ముగిశాక మైకులు సర్దే కుర్రాళ్లు భోజనం చేశారో లేదో కనుక్కుంటాడా, కానుకల లెక్క ఎవరికైనా చూపిస్తాడా, ఆయన తప్పును తప్పని చెప్పగలవారు ఆయన పక్కన ఉన్నారా అన్నది మీ అబ్బాయికి తెలియదు, మీకూ తెలియదు. ఆయన మంచివారే కావచ్చు. ఈ ప్రశ్నలను నిందగా కాక, ఆయన దగ్గర చేరదలచినవాడు ముందుగా తెలుసుకోవలసిన సంగతులుగా వాడి ముందు పెట్టండి.

ఆపై అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం నుంచి 15 వరకు, తొలి సంఘపు విశ్వాసి బర్నబా కనిపించే చోట్లన్నీ వాడితో కలిసి చదవండి. దీనత్వం, అంటే అణకువ, ఎలా ఉంటుందో నాకు తెలిసినంతలో ఇంత స్పష్టంగా చూపించే జీవితాలు అరుదు. పొలం అమ్మి ఆ డబ్బు అపొస్తలుల పాదాల వద్ద పెట్టాడు. యెరూషలేములో శిష్యులందరూ, ఒకప్పుడు తమను హింసించిన సౌలును (తర్వాత పౌలుగా పేరుపొందినవాణ్ణి) చూసి భయపడుతున్నప్పుడు అతణ్ణి చేరదీసి అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్లాడు. అంతియొకయలో పరిచర్య పెరిగినప్పుడు తార్సుకు వెళ్లి అదే సౌలును వెదకి తెచ్చుకున్నాడు. తాను వెదకి తెచ్చినవాడే కొంతకాలానికి తనకంటే ముందుకు వెళ్లిపోయినా, బర్నబా చిన్నబుచ్చుకున్నట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. అదే బర్నబా, మునుపు ప్రయాణం మధ్యలో తమను విడిచి వెళ్లిన మార్కును మళ్లీ వెంట తీసుకువెళ్లాలన్న విషయంలో మాత్రం పౌలుతో విడిపోయేంత గట్టిగా నిలబడ్డాడు. తన పేరు కోసం నోరు విప్పని మనిషి మరొకరి కోసం విప్పాడు.

మన నేలపైనా అలాంటివారు ఉన్నారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్. అజరయ్య గారు వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువకుల సంఘం) కార్యదర్శిగా పేరు తెచ్చుకుని కూడా, 1909లో ఆ బాధ్యత వదిలి అప్పటి నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. తెలుగు నేర్చుకుని మాల, మాదిగ పల్లెల్లో పనిచేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాక కూడా ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. అంతటి దీనుడు 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీల నిండు సభలో నిలబడి, మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులను ఇవ్వండి అని నిర్మొహమాటంగా అడిగారు.

ఇప్పుడు మీతో ఒక మాట చెప్పాలి, కష్టంగా తీసుకోకండి. మీవారిని “నోరు లేని మనిషి” అని మీరే రాశారు. ఆ మాట ఇంట్లో పిల్లవాడి ముందు ఎన్నిసార్లు అనివుంటారో ఆలోచించండి. ఇన్నేళ్లుగా చర్చి డబ్బు చేతిలో ఉన్నా ఒక్కరి చేత మాట పడని మనిషి విలువ వాడికి ఎవరు చెప్పాలి? మీరు చెప్పాలి. అలాగే మీవారు కూడా మౌనంగా బాధపడకుండా, ఆ ప్రశ్న తనను నొప్పించిందని కొడుకుతో చెప్పాలి. ఈ పరిచర్యను తాను ఎందుకు ఎంచుకున్నారో, అందులో విసుగు పుట్టిన రోజుల్లో ఎందుకు వదలలేదో ఆయన నోటనే వాడు వినాలి. మీరు మధ్యవర్తిగా ఉండవద్దు. ఒక సాయంత్రం ఆయన చర్చివారిలో జబ్బుగా ఉన్నవారిని చూడడానికి వెళ్లేటప్పుడు వాణ్ణి తోడు తీసుకువెళ్లమనండి. దారిలో ఉపదేశాలు మాత్రం వద్దు.

చదువు ఆపడానికి ఒప్పుకోకండి. పరిచర్యకు పిలుపు నిజమైతే డిగ్రీ పూర్తయ్యే వరకు అది ఎక్కడికీ పోదు. ఈలోగా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా సండే స్కూలు చిన్నపిల్లలకు పాఠం చెప్పమనండి. ఫోటోలు తీసేవారు, చప్పట్లు కొట్టేవారు లేని ఆ పనిలో వాడు ఏడాదిపాటు నిలబడితే, చదువయ్యాక ఎక్కడ, ఎవరి దగ్గర పరిచర్య నేర్చుకోవాలన్నది తండ్రీకొడుకులు మీ పాస్టరు గారితో కూర్చుని మాట్లాడుకోవచ్చు. క్రిస్మస్‌కు వాడు వచ్చేలోగా సండే స్కూలు బాధ్యులతో ఒకసారి మాట్లాడి ఉంచండి.